క్రూజ్ నిలవకపోతే మొదట బ్రేకు స్విచ్‌నే అనుమానించండి

బైకుల్లో క్రూజ్ కంట్రోల్ (థ్రాటిల్ పట్టుకోకుండానే పెట్టిన వేగాన్ని నిలిపే ఏర్పాటు) గురించి పాఠకులు పంపిన ప్రశ్నలు కొన్ని పేరుకుపోయాయి. సగానికి పైగా ఒకే చోటికి చేరుతున్నాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం.

ప్రశ్న: బండికి కంపెనీ అమర్చిన క్రూజ్ ఉంది. మెయిన్ బటన్ నొక్కితే మీటరులో క్రూజ్ గుర్తు తెల్లగా వస్తుంది. 70లో వెళ్తూ సెట్ నొక్కితే మాత్రం పచ్చగా మారదు. బ్రేకు లైటు బాగానే వెలుగుతోంది, ఇంజను లైటు రాలేదు. ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) పోయి ఉంటుందని మెకానిక్ అంటున్నాడు. మార్చేయమంటారా?

జవాబు: తొందరపడకండి. ఈసీయూ పోతే బండి స్టార్టవడమే గగనం. మిగతావన్నీ బాగుండి ఒక్క క్రూజ్ మటుకే పోయేలా ఈసీయూ చెడటం చాలా అరుదు. గుర్తు తెల్లగా వస్తోందంటే మెయిన్ బటన్ నుంచి మీటరు దాకా దారి సరిగానే ఉందన్నమాట.

సెట్ నొక్కగానే ఈసీయూ కొన్ని సంగతులు సరిచూసుకుంటుంది. ముందు బ్రేకు వదిలి ఉందా, వెనక బ్రేకు వదిలి ఉందా, క్లచ్ వదిలి ఉందా, గేరు సరిపోయిందా, వేగం కనీస హద్దు దాటిందా, చక్రాల సెన్సర్ల లెక్క కలుస్తోందా. ఇందులో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా సెట్ చేయదు, ఎందుకు చేయలేదో చాలా బళ్ళు చెప్పవు కూడా. లివర్ నొక్కి ఉందని స్విచ్ చెబితే ఈసీయూ దృష్టిలో అది తప్పు కాదు, మీరే బ్రేకు పట్టుకుని ఉన్నారనుకుంటుంది. ఇంజను లైటు రాకపోవడానికి కారణం అదే.

బ్రేకు లైటు వెలుగుతోంది కదా, స్విచ్ బాగుందనుకోవడం దగ్గరే అందరూ దారి తప్పుతారు. చాలా బళ్ళలో బ్రేకు స్విచ్ లోపల రెండు జతల కాంటాక్టులు ఉంటాయి. మొదటి జత లివర్ నొక్కితే కలిసి లైటు వెలిగిస్తుంది. రెండో జత లివర్ వదిలి ఉన్నంతసేపూ కలిసే ఉంటుంది, నొక్కగానే విడిపోయి క్రూజ్‌ను ఆపుతుంది. రెండో జతకు చిలుము పడితే లైటు మామూలుగానే వెలుగుతుంది, క్రూజ్ మాత్రం సెట్ కాదు. మీ లక్షణాలు అచ్చం ఇవే.

పరీక్ష ఇలా చేయండి. ఇగ్నిషన్ ఆపి, ముందు బ్రేకు స్విచ్ వైర్లు వెళ్ళే కనెక్టరు విప్పండి. స్విచ్ నుంచి నాలుగు వైర్లు వస్తుంటే రెండు లైటువి, రెండు క్రూజ్‌వి. ఏది ఏదో వైరింగ్ పటంలో రంగులతో సహా ఉంటుంది. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి, ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించి వాటి సొంత రెసిస్టెన్స్ ఎంతో చూసుకోండి. 0.2, 0.3 చూపిస్తుంది, దాన్ని తర్వాత తీసేయాలి. ఇప్పుడు క్రూజ్ జతకు పెట్టండి. లివర్ వదిలి ఉంటే 1 ఓమ్ లోపు ఉండాలి, కాస్త నొక్కగానే సర్క్యూట్ తెగి ‘ఓఎల్’ రావాలి. లివర్ వదిలినా 20, 80, 300 అంటూ అంకెలు ఊగుతుంటే దొంగ దొరికినట్టే.

మల్టీమీటరు తీయకుండానే ఇంకొక పని. హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తిగా తిప్పండి. తిప్పినప్పుడు మాత్రమే అంకె ఎగిరితే స్విచ్ తప్పు లేదు, మెడ దగ్గర మడత పడేచోట పైతొడుగు బాగానే ఉండి లోపల రాగి పోగులు తెగి ఉంటాయి. బయటి నుంచి కంటికి కనిపించవు. వేళ్ళ మధ్య పట్టి వంచితే ఒకచోట తాడులా మెత్తగా తగులుతుంది, అక్కడే.

స్విచ్‌ను సాధారణంగా లివర్ కింద ఒకటో రెండో చిన్న స్క్రూలు పట్టుకుని ఉంటాయి. సరిపోయే స్క్రూడ్రైవర్ లేకుండా పట్టొద్దు, తల అరిగిందంటే డ్రిల్ చేయాల్సి వస్తుంది. విప్పి, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, యాభై అరవైసార్లు నొక్కి వదిలి, ఆరాక మళ్ళీ కొలవండి. తుప్పు వదిలించే నూనె స్ప్రే లోపల కొట్టకండి, నాలుగు రోజులు పనిచేసి తర్వాత దుమ్ము పట్టుకుని మొదటికే వస్తుంది. శుభ్రం చేశాకా అంకె 1 ఓమ్ దిగకపోతే స్విచ్ మార్చేయండి. ముందుది బాగుంటే వెనకది, అదీ బాగుంటే క్లచ్‌ది. ఈ మూడూ పూర్తయ్యేదాకా ఈసీయూ మాట ఎత్తొద్దని మెకానిక్‌కు చెప్పండి.

ప్రశ్న: పొట్టి లివర్లు వేయించాను. అప్పటి నుంచి క్రూజ్ సెట్ అవుతుంది కానీ గతుకు వస్తే చాలు ఊడిపోతోంది. మంచి రోడ్డు మీద గంటసేపైనా నిలుస్తుంది.

జవాబు: కారణం మీరే రాశారు, లివర్లే. లివర్ మూలలో స్విచ్ పిన్నును తోసే చిన్న బొడిపె ఉంటుంది. బయట కొన్న లివర్లలో అది అర మిల్లీమీటరు తక్కువున్నా పిన్ను పూర్తిగా లోపలికి పోదు, అంచు మీద ఆగుతుంది. గతుకులో లివర్ అదరగానే కాంటాక్టు ఒక్క క్షణం విడిపోతుంది, క్రూజ్‌కు ఆ క్షణం చాలు.

నిర్ధారించుకోవడం తేలిక. పాత ఏటీఎం కార్డు నుంచి చిటికెన గోరంత ముక్క కత్తిరించండి, అది ముప్పావు మిల్లీమీటరు మందం ఉంటుంది. బొడిపెకూ పిన్నుకూ మధ్య పెట్టి, బండి కదలకుండా ఇగ్నిషన్ మాత్రం వేసి, లివర్‌ను పిడికిలితో మెల్లగా తడుతూ వెనక గోడ మీద బ్రేకు లైటు చూడండి. ముక్క లేనప్పుడు లైటు మినుకుమని, పెట్టాక ఆగిపోతే లెక్క తేలినట్టే. కానీ ఆ ముక్కతో రోడ్డెక్కొద్దు. జారి లివర్ సందులో పడితే బ్రేకు వదలదు. అసలు లివర్ తిరిగి వేయండి, లేదా మీ మోడల్‌కే చేసిన లివర్ తీసుకోండి. ‘అన్నిటికీ సరిపోతుంది’ అని రాసినవాటికి దూరంగా ఉండటం మంచిది.

లివర్లు మార్చనివాళ్ళకూ గతుకుల్లో క్రూజ్ పోతుంటే వెనక పెడల్ చూడండి. పాత పద్ధతి స్విచ్‌కు ఒక స్ప్రింగు, ఎత్తు సరిచేసే నట్టు ఉంటాయి. నట్టు తిప్పాలి తప్ప స్విచ్ ఒంటిని తిప్పకూడదు, తిప్పితే కింద వైర్లు మెలిపడి తెగుతాయి. పెడల్ ఇరుసులో గ్రీజు ఎండి మెల్లగా పైకి లేస్తుంటే ఎంత సర్దినా లాభం లేదు, ముందు అది విప్పి తుడిచి గ్రీజు పెట్టండి. బూటు ముందుభాగం పెడల్ మీద ఆనించి నడిపే అలవాటుంటే ఆ అలవాటే కారణం కావచ్చు.

ప్రశ్న: ముందు బ్రేకు వేస్తే క్రూజ్ ఆగుతుంది. వెనక బ్రేకు వేస్తే ఆగడం లేదు, కాస్త గట్టిగా తొక్కాలి. ఇలాగే నడుపుకోవచ్చా?

జవాబు: నడుపుకోవచ్చు, క్రూజ్ మెయిన్ బటన్ ఆపేసి. క్రూజ్ సెట్ కాకపోవడం ఇబ్బంది మాత్రమే, ఆగకపోవడం ప్రమాదం. మీరు వేసే బ్రేకుతో ఇంజను పోట్లాడుతోందన్నమాట. వెనక స్విచ్ నట్టును అరచుట్టు చొప్పున తిప్పుతూ, పెడల్ కదలడం మొదలైన వెంటనే, బ్రేకు పట్టకముందే, లైటు వెలిగేలా పెట్టండి. అలాగని వదిలి ఉన్నప్పుడు వెలగకూడదు.

అన్ని ఆపే దారులనూ ఖాళీ రోడ్డు మీద ఒక్కొక్కటిగా పరీక్షించడం అలవాటు చేసుకోండి: ముందు బ్రేకు, వెనక బ్రేకు, క్లచ్, క్యాన్సిల్ బటన్, ఇంకా చాలామంది మరచిపోయేది థ్రాటిల్‌ను ముందుకు తిప్పడం. కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బళ్ళలో పిడి సున్నా దాటి కొద్దిగా ముందుకు తిరుగుతుంది, అలా తిప్పితే క్రూజ్ వదిలేస్తుంది. బార్ చివర బరువులో, చేతి కవచమో, వేడి పిడి వైరో పిడికి రాసుకుంటుంటే అది ముందుకు తిరగదు, అసలు సున్నాకే రాదు. పిడి చివరకూ బరువుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు కనిపించాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసినా, వదలగానే పిడి టక్కున వెనక్కి రావాలి.

ప్రశ్న: ప్రెషర్ వాటర్‌తో బండి కడిగించాక సెట్ నొక్కితే వేగం పెరుగుతోంది, రెజ్యూమ్ (పాత వేగానికి తిరిగి తెచ్చే బటన్) నొక్కితే ఏమీ జరగడం లేదు. రెండు రోజుల తర్వాత కొంత బాగుపడింది, పూర్తిగా కాదు.

జవాబు: స్విచ్ డబ్బాలో నీళ్ళు చేరాయి. అయితే బటన్లు తారుమారు కావడానికి ఒక కారణముంది. కొన్ని బళ్ళలో ప్రతి బటన్‌కూ వేరే వైరు ఉండదు. అన్ని బటన్లూ ఒకే వైరు మీద ఉంటాయి, ఒక్కోటి నొక్కితే ఒక్కో రెసిస్టెన్స్ కలుస్తుంది. ఆ వైరు మీది వోల్టేజీ చూసి ఏ బటన్ నొక్కారో ఈసీయూ పోల్చుకుంటుంది. తేమ వల్ల కాంటాక్టులో కొన్ని వందల ఓములు అదనంగా చేరితే సెట్ నొక్కినా అది వేరే బటన్ అంకెలా కనబడుతుంది. ఎండిపోయి కొంత బాగుపడిందంటే నీరు పోయింది, అది వదిలిన చిలుము మిగిలింది.

బ్యాటరీ నెగటివ్ తీసి, స్విచ్ డబ్బా రెండు చెక్కలూ విడదీయండి. అడుగు చెక్కను ఒకేసారి లాగేయకండి, చిన్న స్ప్రింగులు, బంతులు ఎగిరిపోతాయి. కింద గుడ్డ పరచుకోండి. కాంటాక్టుల మీద పచ్చగా కనిపించేదాన్ని క్లీనర్‌లో తడిపిన మెత్తటి బ్రష్‌తో తీయాలి, ఎమరీ పేపరు వద్దు, పైపూత పోతే మళ్ళీ త్వరగా చిలుమెక్కుతుంది. ఆరాక హ్యాండిల్ దగ్గరి కనెక్టరు పిన్నులు కూడా చూడండి, నీళ్ళు వైరు వెంట అక్కడికి దిగుతాయి. డైఎలెక్ట్రిక్ గ్రీజు కనెక్టరు రబ్బరు అంచుకు రాయాలి, బటన్ కాంటాక్టుల మధ్య పూయకూడదు. ఆ గ్రీజు కరెంటును పోనిచ్చేది కాదు, నీటిని అడ్డేది. కడిగేటప్పుడు గన్ను ముక్కు మీటరుకూ స్విచ్‌లకూ ఎదురుగా పట్టనివ్వకండి.

ప్రశ్న: ముందు స్ప్రాకెట్ (చైను ఎక్కే పళ్ళ చక్రం) 15 పళ్ళది తీసి 16 పళ్ళది వేశాను. మీటరులో గేరు నంబరు ఒక్కోసారి గీతగా మారుతోంది, క్రూజ్ అసలు సెట్ కావడం లేదు.

జవాబు: 15 నుంచి 16 అంటే 6.7 శాతం తేడా. వేగాన్ని చక్రం సెన్సర్ నుంచి తీసుకునే బళ్ళలో ఈసీయూ ఇంజను ఆర్‌పీఎమ్‌ను వెనక చక్రం వేగంతో పోల్చి ఏ గేరో లెక్కగడుతుంది. మీరు మార్చాక ఆ నిష్పత్తి దాని పట్టికలో ఏ గేరుకూ సరిగ్గా కుదరడం లేదు. గేరు తెలియకపోతే క్రూజ్ ఇవ్వదు. అందుకే ఆ గీత. కొన్ని బళ్ళకు కంపెనీ టూలుతో కొత్త నిష్పత్తి నేర్పించే వీలుంటుంది, లేనివాటికి పాత స్ప్రాకెట్టే మందు. పాతది వేసి ఒకసారి తిప్పి చూస్తే తగవు తీరిపోతుంది.

వేగాన్ని గేరుబాక్సు దగ్గర కొలిచే బళ్ళలో కథ వేరు. అక్కడ క్రూజ్ మామూలుగా పనిచేస్తుంది, మీటరు 80 చూపిస్తుంటే మీరు 85 దాటి వెళ్తుంటారు.

స్ప్రాకెట్ మార్చనివాళ్ళకూ ఇదే లక్షణం ఎత్తు ఎక్కేటప్పుడు వస్తే క్లచ్ జారుతోందేమో చూడండి. ఆర్‌పీఎమ్ పెరిగి వేగం పెరగకపోతే ఈసీయూకు క్లచ్ నొక్కినట్టే కనిపిస్తుంది. పై గేరులో 60 దగ్గర థ్రాటిల్ ఒక్కసారి పూర్తిగా తిప్పండి, ఆర్‌పీఎమ్ ముల్లు ముందు పరిగెత్తి బండి వెనకపడితే ప్లేట్లు అరిగాయి, లేదా క్లచ్ కేబుల్‌కు వదులు లేదు.

ప్రశ్న: 80లో పెడితే 77కీ 83కీ మధ్య ఊగుతోంది. కూర్చున్నవాళ్ళకు తోస్తున్నట్టూ లాగుతున్నట్టూ ఉంటోంది.

జవాబు: ఒకటి రెండు కిలోమీటర్లు ఊగడం, ఎదురుగాలి ఉంటే ఇంకాస్త, మామూలే. తోపు తెలుస్తోందంటే ముందు చైను చూడండి, ఎలక్ట్రానిక్స్ కాదు. చక్రం తిప్పుతూ ఐదారు చోట్ల వదులు కొలవండి. ఒకచోట 35 మిల్లీమీటర్లు, ఇంకోచోట 18 వస్తే చైనులో బిగిసిన లంకెలున్నాయి. ఆ లంకెలు స్ప్రాకెట్ మీదకు వచ్చిన ప్రతిసారీ వేగంలో చిన్న జర్క్ వస్తుంది, క్రూజ్ దాన్ని సరిదిద్దబోయి ఎక్కువ చేస్తుంది. బిగుతైన చోటు ఆధారంగానే చైను సర్దాలి, వదులైన చోట సర్దితే బిగుతు దగ్గర బేరింగు మీద భారం పడుతుంది. తేడా ఇంత ఉంటే చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చడమే. చైను మేలుగా ఉంటే థ్రాటిల్ బాడీలో మసి, ఇన్‌టేక్ రబ్బరులో పగుళ్ళు, ఆ వరసలో చూడండి. కేబుల్‌తో లాగే పాత క్రూజ్ అయితే కేబుల్ వదులే మొదటి అనుమానం.

ప్రశ్న: దిగుడులో క్రూజ్ పెట్టిన వేగం కంటే 8, 10 ఎక్కువ పోతోంది. చెడిపోయిందా?

జవాబు: లేదు. మామూలు క్రూజ్ థ్రాటిల్ మూయగలదు, బ్రేకు వేయలేదు. ఇంజను పట్టు చాలకపోతే బండి జారుతుంది. ఒక గేరు తగ్గించండి.

ప్రశ్న: పాత టూరింగు బండి. బయట కొన్న వాక్యూం క్రూజ్ కిట్ ఏళ్ళుగా బాగా పనిచేసింది. వెనక బ్రేకు బల్బు తీసి ఎల్ఈడీ వేసిన రోజు నుంచి సెట్ కావడం లేదు. రెండింటికీ సంబంధం ఉంటుందా?

జవాబు: ఉంది, మీరు రోజు గుర్తుపెట్టుకోవడం వల్ల సగం పని తగ్గింది. ఇలాంటి కిట్లలో ఒక వైరు బ్రేకు స్విచ్ దాటాక, బల్బు వైపు కలుస్తుంది. బ్రేకు వేయనప్పుడు ఆ వైరు బల్బు లోపలి తీగ గుండా ఎర్త్‌ను చూస్తుంది, తీగ రెసిస్టెన్స్ చాలా తక్కువ కాబట్టి. బ్రేకు వేస్తే అక్కడ 12 వోల్టులు వస్తాయి, క్రూజ్ ఆగుతుంది. ఎల్ఈడీకి తీగ లేదు. బ్రేకు వేయనప్పుడు ఆ వైరు ఎర్త్ లేక గాల్లో వేలాడినట్టవుతుంది. బల్బు మాడినా ఇదే జరగాలన్నది తయారీదారు ఉద్దేశం: బ్రేకు లైటు లేని బండికి క్రూజ్ ఇవ్వదు.

మందు ఐదు పిన్నుల మామూలు రిలే. కాయిల్‌లో 85 నంబరు పిన్నును ఎర్త్‌కు, 86ను బ్రేకు స్విచ్ దాటిన వైరుకు ఇవ్వండి. క్రూజ్ వైరును 30కి కలపండి. 87ఏ ఎర్త్‌కు, 87 ఫ్యూజు ఉన్న 12 వోల్టులకు. బ్రేకు వేయనప్పుడు 30, 87ఏ కలిసి ఉండి క్రూజ్‌కు గట్టి ఎర్త్ దొరుకుతుంది. వేయగానే 87 మీదకు మారి 12 వోల్టులు వెళ్తాయి. కాయిల్‌కు అడ్డంగా డయోడ్ ఉన్న రిలే అయితే 85, 86 తారుమారు చేయకండి. బిగించాక ఆపే పరీక్ష రెండు బ్రేకులతోనూ చేయకుండా రోడ్డెక్కొద్దు. బల్బుకు సమాంతరంగా పెద్ద రెసిస్టర్ పెట్టేవాళ్ళూ ఉన్నారు, పనిచేస్తుంది కానీ బ్రేకు వేసినంతసేపూ అది కాలుతుంది, ప్లాస్టిక్ దగ్గర పెడితే కరుగుతుంది. రిలే మేలు.

ప్రశ్న: మా బండి హోండా గోల్డ్‌వింగ్ 1500. చదును మీద క్రూజ్ బాగుంటుంది, ఎత్తు ఎక్కితే వేగం పడిపోతూ చివరకు వదిలేస్తుంది.

జవాబు: మీ మోడల్‌లో థ్రాటిల్‌ను లాగేది ఇంజను వాక్యూమే. ఆ తర్వాత 2001లో వచ్చిన 1800లో మోటారు పెట్టారు, 2018 నుంచి కేబులే లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుంటుంది, తెరుచుకునేకొద్దీ ఇన్‌టేక్‌లో వాక్యూం తగ్గుతుంది. అంటే ఎక్కువ లాగాల్సిన సమయానికే లాగే బలం తక్కువ. దీనికోసమే వాక్యూం నిల్వ ఉంచే డబ్బా, వెనక్కి పోనివ్వని వన్‌వే వాల్వు పెట్టారు. అవి లీకైతే చదును మీద తెలియదు, ఎత్తులో తెలుస్తుంది.

వన్‌వే వాల్వు తీసి నోటితో ఊది చూడండి, ఒకవైపే గాలి పోవాలి. తర్వాత చేతి వాక్యూం పంపుతో థ్రాటిల్‌ను లాగే యాక్చువేటర్‌కు, డబ్బాకు విడివిడిగా 15 అంగుళాల పాదరసం దాకా లాగి ఆపండి. నిమిషంలో ముల్లు గమనించేంత దిగకూడదు. ఇన్నేళ్ళ బండికి రబ్బరు గొట్టాలు చివర్లలో గట్టిపడి చిట్లి ఉంటాయి, ఒక్కో చివర సెంటీమీటరు కోసి మళ్ళీ ఎక్కించడం కంటే మొత్తం వాక్యూం గొట్టమే కొత్తది వేయండి. పెట్రోలు గొట్టం ముక్క వాడితే బిగుతుగా కూర్చునే కొలత చూసుకోండి.

ప్రశ్న: రాడార్ ఉన్న, ముందు వాహనాన్ని బట్టి వేగం మార్చుకునే అడాప్టివ్ క్రూజ్ బండి. వెనక ఒక మనిషి, సామాను పెట్టెలు ఉన్నప్పుడు ముందు వాహనాన్ని ఆలస్యంగా గుర్తిస్తోంది, ఒంటరిగా వెళ్తే బాగుంది.

జవాబు: వెనక బరువుకు బండి కూర్చుంటే ముక్కు పైకి లేస్తుంది, రాడార్ చూపు కూడా పైకి పోతుంది. బరువుకు తగ్గట్టు వెనక ప్రీలోడ్ (సస్పెన్షన్ స్ప్రింగు బిగువు) పెంచండి, ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ ఉంటే ‘ఇద్దరు, సామాను’ సెట్టింగు పెట్టండి. అప్పటికీ మారకపోతే రాడార్ ముందున్న ప్లాస్టిక్ మూత చూడండి. ఎండిన బురద, స్టిక్కరు, మెరుపు పెయింటు, ముందు గీతలు కనబడకుండా అంటించిన ఫిల్మ్, ఏదైనా అడ్డే. బండి ఎప్పుడైనా ముందుకు పడి ఉంటే బ్రాకెట్ వంగి ఉండొచ్చు. దాన్ని చేత్తో వంచి సరిచేసే ప్రయత్నం చేయొద్దు, కొత్త బ్రాకెట్ వేసి సర్వీసు టూలుతో కాలిబ్రేట్ చేయించాలి. పరీక్షించేటప్పుడు ముందు వాహనానికి దూరం ఎక్కువలో పెట్టుకోండి, వేళ్ళు బ్రేకు లివర్ మీదే ఉండనివ్వండి.

ప్రశ్న: రిపేరు తర్వాత సెంటర్ స్టాండు మీద వేసి, గేరులో పెట్టి వెనక చక్రం తిప్పుతూ క్రూజ్ పరీక్షించొచ్చా?

జవాబు: వద్దు. ఏబీఎస్ ఉన్న బండిలో ముందు చక్రం ఆగి ఉండి వెనకది 60లో తిరుగుతుంటే సెన్సర్ల లెక్క కలవదు. క్రూజ్ ఇవ్వదు సరికదా ఏబీఎస్, ట్రాక్షన్ లైట్లు వెలిగి కూర్చుంటాయి, బాగున్న బండికి లేని జబ్బు కనిపిస్తుంది. స్టాండు జారితే ఆ చక్రం నేలకు తగిలి బండి ఎటు దూకుతుందో చెప్పలేం. స్విచ్‌లన్నీ బండి నిలబెట్టి మల్టీమీటరుతో చూసుకోండి, మిగతాది పొడి రోడ్డు మీద, వెనకాముందూ ఎవరూ లేనప్పుడు.